నూట నలభై మీటర్లు భూమిలోకి

తెనాలి బోసు రోడ్డులో గడియారాలు బాగుచేసే హుస్సేన్ గారి రెండో కూతురు హమీదా రాకెట్లు ఎగరేసే పనిలో ఉందంటే ఆ వీధిలో నమ్మినవాళ్ళు ఇద్దరే. ఒకరు హుస్సేన్ గారు. కన్నందుకు ఆయనకి తప్పదు. రెండోవారు లేత్ మిషన్ బసవేశ్వరరావు గారు. ఆ రాకెట్టు గొట్టాన్ని కోసి, నునుపు పట్టి, బోల్టులు బిగించింది ఆయనే కాబట్టి ఆయనకీ తప్పదు. మిగిలినవాళ్ళంతా పిల్ల ఏదో దీపావళి సామాన్ల కంపెనీలో చేరిందనుకున్నారు. ఆడపిల్లకి నిప్పుతో చెలగాటమెందుకమ్మా అని ఎదురుపడ్డప్పుడల్లా మందలించేవాళ్ళు. హమీదా తలూపి, సరేనండి అని, రైలుకి టైమవుతోందని స్టేషను వైపు నడిచిపోయేది.

ఎదుటిమనిషి మాట కాదనడం ఆమెకి చేతకాదు. మొహమాటం మీద మన పెద్దలు చెప్పిన సామెత ఒకటుంది. అది ఇక్కడ రాయడం బాగుండదు గానీ, దాని సారం మాత్రం హమీదా విషయంలో నిజం. ఎలక్ట్రానిక్సులో డిప్లొమా అయ్యాక బాపట్ల అవతల ఒక ఇంజనీరింగు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరింది. టెంపరరీ అన్నారు. ఆరేళ్ళయినా టెంపరరీయే. ఎప్పుడు పర్మనెంటు చేస్తారండీ అని అడగడానికి మొహమాటం.

2005లో మెకానికల్ లెక్చరర్ సంజీవరావు గారు ఏదో సదస్సుకి వెళ్ళొచ్చి, మన కాలేజీ కూడా ప్రయోగాత్మక రాకెట్టు ఒకటి చేసి తీరాలన్నారు. కుర్రాళ్ళు ముప్పైమంది పేర్లిచ్చారు. రెండు నెలలకి ఏడుగురు మిగిలారు. ఆరంభశూరత్వం సంగతి తెలిసిన సంజీవరావు గారు దానికేమీ బాధపడలేదు. కుర్రాళ్ళు ఏడాదికో బ్యాచి వెళ్ళిపోతారు, ల్యాబ్ అసిస్టెంటు ఎక్కడికీ పోదు, అందుకని రాకెట్టులో ఉండే సాఫ్ట్‌వేరు, నేలమీద దాన్ని కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేరు రెండూ హమీదాని రాయమన్నారు. హమీదా సరేనండి అంది. ఆమె అనగలిగింది అదే.

నిజం చెప్పాలంటే ఆ పని ఆమెకి ప్రాణమైపోయింది. తెనాలిలో పాసింజరెక్కితే నిడుబ్రోలు దాకా కూర్చోడానికి చోటుండదు. అందాకా నిలబడి ఆలోచించేది. నిడుబ్రోలులో జనం దిగాక కూర్చుని, పాత హాజరు పట్టీల వెనక వైపున ప్రోగ్రాము రాసుకునేది. బాపట్ల వచ్చేసరికి ఒక పేజీ అయ్యేది. రాకెట్టులోని చిప్పు చెయ్యాల్సిన పని వినడానికి చిన్నదే. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఆ ఒత్తిడిని సెకనుకి ఇరవైసార్లు చూసి, ఎంత ఎత్తులో ఉన్నామో లెక్కకట్టాలి. ఎత్తు పెరగడం ఆగిపోయి తరగడం మొదలైన క్షణాన పారాచూటు విప్పాలి. పైకి పోతున్నామా, కిందికి వస్తున్నామా అన్న ఒక్క ముక్క తెలుసుకోవడానికి పదకొండు వందల లైన్లు రాసింది. మనుషుల్లో ఆ ముక్క తెలియనివాళ్ళు చాలామంది ఉన్నారని సంజీవరావు గారు అన్నారు గానీ, ఆయన ఎవర్ని ఉద్దేశించి అన్నారో ఎవరూ అడగలేదు.

నేలమీది సాఫ్ట్‌వేరుతోనే చిక్కొచ్చింది. ప్రయోగానికి ముందు ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి కదా. మొదటిసారి రిహార్సల్ పెట్టినప్పుడు హమీదా కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కొక్కరినీ అడిగింది.

"బ్యాటరీ చార్జింగ్ అయిందా అండీ?"

"అయిపోయిందండి."

"యాంటెన్నా బిగించారా?"

"బిగించేసినట్టేనండి."

తీరా చూస్తే చార్జరు ప్లగ్గే పెట్టలేదు. యాంటెన్నా ఇంకా హాస్టల్ డాబా మీదే ఉంది. వాళ్ళు అబద్ధమాడారని కాదు. అడిగినవాళ్ళ మనసు కష్టపెట్టడమెందుకని ముందు అయిందనేసి, తర్వాత పరుగెత్తుకెళ్ళి చేసుకొచ్చే అలవాటు మనది. ఇంట్లో టిఫిన్ దగ్గర్నుంచి ఆఫీసులో ఫైలు దాకా ఇలాగే నడుస్తుంది, ఎవరికీ పెద్దగా నష్టం లేదు. రాకెట్టు మాత్రం ఆ అయిదు నిమిషాలూ ఆగదు.

ఎవర్నీ తిట్టలేని హమీదా ఆ వారంలో సాఫ్ట్‌వేరు మార్చేసింది. అవును, కాదు అన్న జవాబులు రెండూ తీసిపారేసింది. ఇక కంప్యూటరు అంకె తప్ప మరేదీ తీసుకోదు. బ్యాటరీ అయిందా అని అడగదు, ఎన్ని వోల్టులని అడుగుతుంది. ఆ అంకె పక్కన చూసిన మనిషి పేరు, టైము రాయందే రెండో ప్రశ్నకి పోదు. కంప్యూటర్ని నమ్మని సంజీవరావు గారి కోసం ఒక పుస్తకంలో కూడా అవే రాయాలి. అంకెకి మొహమాటం ఉండదని ఆమె కుర్రాళ్ళకి చెప్పింది. ఆ ఒక్క మాట మాత్రం కాస్త గట్టిగానే చెప్పింది.

ఇక గొట్టం సంగతి. బసవేశ్వరరావు గారి షాపు హుస్సేన్ గారి కొట్టుకి నాలుగిళ్ళ అవతల. హమీదా పుట్టినప్పటినుంచీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. ఆయన లేత్ మీంచి దిగిన ఏ వస్తువూ, బోరు మోటారు షాఫ్టు కానివ్వండి, చెరుకురసం మిషన్ రోలరు కానివ్వండి, గంధం కుంకుమలతో బొట్టు పెట్టించుకోకుండా ఆయన గడప దాటి ఎరగదు. డ్రాయింగు చేతికిస్తే ఎందుకు ఏమిటని అడగకుండా వెంట్రుకవాసి తేడా లేకుండా చేసిపెట్టడం ఆయన గొప్ప. రాకెట్టు పైభాగంలో గుండుసూది మొన దూరేంత రంధ్రం ఒకటి పెట్టాలని డ్రాయింగులో ఉంది. పెట్టారు. బయటి గాలి ఒత్తిడి లోపలి యంత్రానికి తెలిసేది ఆ రంధ్రంలోంచే. ఉప్పుగాలి తగలకుండా మిగతా పెట్టె అంతా హమీదా రబ్బరు వాషర్లతో బిగించేసింది. రంధ్రం దేనికని ఆయన అడగలేదు. ఈవిడా చెప్పలేదు.

2007 ఫిబ్రవరికి అన్నీ కుదిరాయి. రాకెట్టుని పైకి తోసే మోటారు వచ్చింది. పోలీసులు, కలెక్టరాఫీసు, ఇంకా ఎవరెవరో సంతకాలు పెట్టారు. రేపల్లె దిగువన సముద్రపు ఒడ్డున ఒక చేపల పల్లె దగ్గర ఒకే ఒక్క రోజు, అది కూడా పొద్దున పదినుంచి పన్నెండు దాకా అనుమతి దొరికింది. ఆ పూట వేట మానుకుని పడవలు ఒడ్డుకి లాగి పెడతామని పల్లెపెద్ద సింగయ్య మాటిచ్చాడు. కాలేజీ కరస్పాండెంటు రంగనాయకులు గారు కూడా ఒక మాటన్నారు. రాకెట్టు పారాచూటు మీద క్షేమంగా తిరిగొస్తే రెండోదానికి ఖర్చు పెడతాం, రాకపోతే ఈ ముచ్చట ఇంతటితో సరి. అంటే హమీదా మళ్ళీ ల్యాబులో తెగిన వైర్లు అతికించుకుంటూ కూర్చోవాలి. ఆ మాట విన్న రాత్రి ఆమెకి అన్నం సయించలేదు.

ప్రయోగం రోజు పొద్దున తొమ్మిదికి అంకెలన్నీ సరిగ్గా వచ్చాయి. ఎత్తు సున్నా. ఇసుకలో నాటిన స్టాండు మీద రెండు మీటర్ల వెండిరంగు గొట్టం నిలబడింది. టెంటు అక్కడికి రెండొందల గజాలు. పల్లెజనం, కాలేజీ జనం కలిసి రెండొందలమంది దాకా చేరారు. ఒక విలేఖరి కూడా వచ్చాడు. పదింటికి రావాల్సిన ముఖ్య అతిథి ఇంకా భట్టిప్రోలు దాటలేదని ఫోనొచ్చింది. రంగనాయకులు గారు ఆయన వచ్చేదాకా ఆగాల్సిందే అన్నారు.

పదింబావుకి హమీదా తెర మీద ఎత్తు మైనస్ పద్దెనిమిది అని కనబడింది. పదిన్నరకి మైనస్ నలభై రెండు. అతిథి గారి కారు వచ్చి ఆగేసరికి మైనస్ నూట పదిహేను.

"అంటే ఏంటమ్మా?" అన్నారు రంగనాయకులు గారు.

"రాకెట్టు భూమిలోకి నూట పదిహేను మీటర్లు దిగిపోయిందని చెబుతోందండి."

ఆయన వంగి టెంటులోంచి బయటికి చూశారు. రాకెట్టు ఎండలో నిక్షేపంగా నిలబడి ఉంది.

"ఇక్కడే ఉందిగా?"

"ఉందండి."

స్టాండు కాళ్ళేమన్నా ఇసుకలో కుంగాయేమో చూసిరమ్మని ఒక కుర్రాణ్ణి పంపారు. సింగయ్య కూడా వెంట వెళ్ళి చూసొచ్చి, "మా ఇసక అంత లోతు మింగదండి. మోకాలు దాకా అయితే మింగుద్ది," అని హామీ ఇచ్చాడు.

ఎత్తు ఇరవై మీటర్లకి మించి తేడా చూపిస్తే మంట వెలిగించే మీట పనిచెయ్యకుండా హమీదాయే ప్రోగ్రాములో తాళం వేసింది. పదకొండు అయింది. మైనస్ నూట నలభై.

"పన్నెండు దాటితే గాలి మళ్ళుద్దండి," అన్నాడు సింగయ్య. "మావోళ్ళు కూడా పొద్దుటి నుంచీ కూకున్నారు."

సంజీవరావు గారు హమీదా పక్కకి వచ్చి గొంతు తగ్గించారు. "ఆ సున్నా మీట ఉందిగా, హమీదా. నొక్కెయ్యి. తర్వాత చూసుకుందాం."

సున్నా మీట కూడా ఆమె పెట్టిందే. రోజురోజుకీ వాతావరణం మారుతుంది కనుక, ఇప్పుడున్న చోటే నేల అని రాకెట్టుకి చెప్పడానికి. అది నొక్కితే తాళం ఊడిపోతుంది, అందరూ సంతోషిస్తారు. కానీ యంత్రానికి ఏ జబ్బు చేసిందో తెలియకుండా నొక్కితే, పైకి పోయినా పోయానని దానికి తెలియకపోవచ్చు. పోయానని తెలియనిదానికి దిగుతున్నానని ఎలా తెలుస్తుంది? పారాచూటు విప్పుకోదు. రెండేళ్ళ పని ముక్కుసూటిగా వచ్చి సముద్రంలో దిగబడుతుంది. కరస్పాండెంటు, లెక్చరరు, అతిథి ముగ్గురూ ఆమె వేలివంకే చూస్తున్నారు. జన్మలో మొదటిసారి ఆమెకి సరేనండి అనే మాట గొంతులోంచి రాలేదు.

"ఒక్క అయిదు నిమిషాలండి. దగ్గరికెళ్ళి చూసొస్తాను," అంది. మంట వైరు ఇంకా కలపలేదు గనుక వెళ్ళడానికి భయం లేదు.

వెళ్ళి చూసింది. చూడగానే అర్థమైంది. ఆ సూదిమొన రంధ్రం మీద, సరిగ్గా దానిమీదే, రూపాయి బిళ్ళంత గంధం, దాని మధ్యలో కుంకుమ. షాపులో పెట్టిన బొట్టు వెండిరంగు కింద పోయింది కాబట్టి, పొద్దున అంకెలు సరిచూసి ఆమె టెంటులోకి రాగానే బసవేశ్వరరావు గారు మళ్ళీ పెట్టినది. గుండ్రంగా, నున్నగా, ముందేదో వెనకేదో తెలియని గొట్టానికి బొట్టు ఎక్కడ పెట్టాలి? దానిమీద గుర్తులాంటిది ఆ ఒక్క రంధ్రమే ఉంది. అది నుదురనుకున్నారు పాపం. గంధం ఎండి గట్టిపడింది. బిగించిన పెట్టె ఎండకి వేడెక్కింది. లోపలి గాలి పోయే దారిలేక ఒత్తిడి పెరిగింది. ఒత్తిడి పెరిగితే కిందికి దిగుతున్నట్టు లెక్క. యంత్రం నేర్పినదే చెబుతోంది.

వెనక్కి తిరిగి చూసింది. తాటాకు పందిరి కింద బసవేశ్వరరావు గారు తలస్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని, రాకెట్టుకి చేతులు జోడించి నిలబడి ఉన్నారు. రెండొందలమంది చూస్తున్నారు. విలేఖరి కెమెరా కంటికి ఆనించుకునే ఉన్నాడు. బొట్టు తుడవడమంటే మన దగ్గర మాటలా? అది అశుభం. అందులోనూ ప్రయోగానికి అరగంట ముందు, అందరి ఎదుటా, తుడిచేది హుస్సేన్ గారి అమ్మాయి. పోనీ ఆయన్ని పిలిచి చెబుదామంటే, చేజేతులా చేసిన పనికి అంతమందిలో ఆయన తలొంచుకోవాలి. ఆ తల వంగడం చూడటం ఆమె వల్ల కాదు. ఏం చేసినా ఎవరో ఒకరి మనసు నొచ్చుకుంటుంది. ఆ ఒక్క క్షణం హమీదాకి ఏడుపొచ్చినంత పనైంది.

జనానికి వీపు పెట్టి, స్క్రూ బిగిస్తున్నట్టు వంగి, చున్నీ జారకుండా తలమీద పెట్టుకున్న గుండుసూది తీసింది. బొట్టు మధ్యలో గుచ్చి, మెల్లగా తిప్పి, లాగింది. సూదికి అంటుకున్న గంధాన్ని చున్నీ అంచుకి తుడిచి మళ్ళీ తలలో పెట్టుకుంది. బొట్టు బొట్టులాగే ఉంది. గాలికి దారి దొరికింది.

టెంటులోకి వచ్చేసరికి ఎత్తు ఒక మీటరు.

"ఏమైంది?" అన్నారు సంజీవరావు గారు.

"కనెక్టరు లూజుగా ఉందండి. బిగించాను."

పుస్తకంలో కూడా అలాగే రాసింది. అవునూ కాదూ పనికిరావని కంప్యూటరుకి నేర్పిన మనిషి, అలా అందరికీ బాగుండే జవాబొకటి రాసి పక్కన తన పేరు పెట్టింది.

పదకొండున్నరకి రాకెట్టు లేచింది. ఎనిమిది వందల పన్నెండు మీటర్లు వెళ్ళింది. ఎర్రటి పారాచూటు సముద్రం మీద విచ్చుకుంది. సింగయ్య మనుషులు పడవేసుకెళ్ళి దాన్ని పసిపిల్లలా గుడ్డలో చుట్టి తెచ్చారు. రంగనాయకులు గారు మైకులో రెండో రాకెట్టు ప్రకటించారు. అంతా ప్రయోగానికి ముందు తాను కొట్టిన కొబ్బరికాయ మహిమేనని అతిథి గారు సెలవిచ్చారు. హమీదా మైకుకి దూరంగా, చున్నీ అంచు మడిచి పట్టుకుని నిలబడింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందని ఆమెకే అనిపించింది. కానీ మనసులో సంతోషం పట్టలేకపోతోంది. ఎవరికీ నొప్పి లేకుండా పని జరిగిపోయింది.

వారం తర్వాత ఆదివారం పొద్దున ఆమె బసవేశ్వరరావు గారి షాపుకి వెళ్ళింది. రాకెట్టు ఎత్తెంతో చూపించే గ్రాఫు ఒకటి తీసిస్తే షాపులో గోడకి పెట్టుకుంటానని ఆయన అడిగారు. కాలేజీ ప్రింటరు మీద పొడుగ్గా తీసి తెచ్చింది. సంజీవరావు గారి సంతకానికి తీసుకెళ్ళాల్సిన పుస్తకం కూడా సంచిలో ఉంది. ఆయన బల్ల మీద కాగితం పరిచి, భూతద్దం పెట్టి, డ్రాయింగు చదివినట్టు చివరినుంచి చివరిదాకా చదివారు.

"ఇదేంటమ్మాయ్, ఎగరకముందు ఈ పల్లం?"

"కనెక్టరు లూజైంది, బాబాయ్."

ఆయన మళ్ళీ చూశారు. "లూజైతే ముల్లు ఎగిరెగిరి పడుద్ది. ఇలా నిదానంగా దిగదు. మన కంప్రెసర్ ట్యాంకు ఎండలో పెడితే ముల్లు ఇట్టాగే జరుగుద్ది." వేలు పల్లం మొదటికి పోయి ఆగింది. "ఈ టైమెంత?"

"తొమ్మిదీ పావు."

"తొమ్మిదీ పావుకి నేను బొట్టు పెట్టాను."

ఆయన వేలు రెండో కొసకి జరిగింది. మైనస్ నూట నలభై నుంచి నిట్టనిలువుగా పైకి లేచిన గీత. అక్కడ పదకొండూ నాలుగు అని ఉంది.

"అప్పుడు నువ్వెళ్ళి దానిముందు వంగావు." ఆయన భూతద్దం పక్కన పెట్టేశారు. "ఆ బొక్క గాలికా?"

"అవును, బాబాయ్."

"నేను దాని ముక్కు మూశానా?"

హమీదా తలూపింది.

బసవేశ్వరరావు గారు లేత్ వంక తిరిగారు. కోప్పడతారనుకుంది. కోప్పడితే బాగుండేదని తర్వాత అనుకుంది.

"నన్ను పిలిచి ఒక్క మాట చెప్తే తుడిచేసి పక్కన పెట్టేవాణ్ణి కదమ్మా. బొట్టుకేం, ఎక్కడైనా పెట్టుకోవచ్చు. నేను బాధపడతానని దాచావా, గొడవ చేస్తానని భయపడ్డావా? నీకు నడక రానప్పటి నుంచీ ఎరుగుదును. బాబాయ్, బాబాయ్ అంటావు. తీరా పనిపడ్డప్పుడు నేను పరాయివాణ్ణయ్యానా?"

రెండొందలమంది ముందు రాని ఏడుపు అప్పుడొచ్చింది హమీదాకి. భయపడ్డావా అన్నది నిజం. బాధపడతాననా అన్నదీ నిజమే. రెంటిలో ఏది ఎంతో చెప్పడానికి ఆమె దగ్గర అంకె లేదు. ముక్కు తుడుచుకుని, "తప్పైంది, బాబాయ్," అంది.

"నాదీ తప్పే. ఆ పుస్తకంలో ఏం రాశావు?"

చూపించింది. ఆయన చదివి, జేబులోంచి పెన్ను తీసిచ్చారు. "కొట్టెయ్యి. కనపడేట్టు కొట్టెయ్యి. ఎవరి పని వాళ్ళ పేరు మీద ఉండాలన్నది నువ్వేగా? రాయి."

ఆయన చెబుతుంటే ఆమె రాసింది. తొమ్మిదీ పావు, రంధ్రం మీద గంధం బొట్టు పెట్టినది: బసవేశ్వరరావు. ఆయన పుస్తకం తనవైపు తిప్పుకుని, నాలుక పంటికింద నొక్కి, పొడుగాటి సంతకం చేశారు. చేసి పుస్తకం మళ్ళీ ఆమె ముందుకి నెట్టారు. హమీదా ఆయన పేరు కింద ఇంకో లైను రాసింది. పదకొండూ నాలుగు, చూసి కూడా చెప్పనిది: హమీదా.

బసవేశ్వరరావు గారు భూతద్దం పెట్టి ఆ లైను చదివారు.

"సంతకం?" అన్నారు.

పెట్టింది.